ఓటేసి దేశం మారిన ఊరు

తీరం వెంట పట్టణాలు – 9వ భాగం: యానాం

కోరంగి రేవు ఎలా వెలిగిందో, 1839 నవంబరు ఉప్పెన దాన్ని ఎలా మింగేసిందో పోయిన సంచికలో చూశాం. కోరంగి నుంచి దక్షిణంగా కొద్ది మైళ్లు వస్తే గౌతమీ గోదావరి ఒడ్డున యానాం. ఇక్కడే గౌతమి నుంచి కోరంగి ఏరు చీలుతుంది. అదే నీరు, అదే మడ అడవి, అదే ఉప్పెన భయం. కోరంగికి మిగలని అదృష్టం ఒకటి యానానికి దక్కింది. ఊరి చుట్టూ ఒక సరిహద్దు గీత ఉండేది. గీతకు అవతల ఇంగ్లీషు చట్టం, ఇవతల ఫ్రెంచి చట్టం. రెండు చట్టాల మధ్య తేడా ఎంత ఉంటే ఊరికి అంత ఆదాయం.

కోట పడిపోయిన కథలూ రాజు ఓడిపోయిన కథలూ ఈ శీర్షికలో చాలా చెప్పుకున్నాం. యానాం కథలో అసలు పాత్ర పురపాలక సంఘానిది. చెత్త ఎత్తించడానికీ, వీధి దీపాలు వెలిగించడానికీ పుట్టిన సభ ఒకటి చివరికి ఏ దేశంలో ఉండాలో కూడా ఓటేసి చెప్పింది. ఆ తర్వాత అదే సభకు దశాబ్దాల తరబడి ఓటే లేకుండా పోయింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ భాగం పని.

ఇంజరం పొరుగున పరాసు జెండా

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ యానాంలో మొదట 1723లో అడుగుపెట్టింది. వ్యాపారం గిట్టుబాటు కాక 1727లో సర్దుకుని వెళ్లిపోయింది. 1731లో మళ్లీ వచ్చింది. అప్పటికే పొరుగున ఇంజరంలో ఇంగ్లీషు వారికి బట్టల కొఠీ ఉంది. రెండు కంపెనీలూ చుట్టుపక్కల నేతపేటల్లోకి వెళ్లి ఒకే మగ్గం ముందు నిలబడి బయానాలు ఇచ్చేవి. పరాసు దొరకు ఇస్తానన్న తానును ఇంజరం దళారి ఎక్కువ ధర చెప్పి పట్టుకుపోవడం, నేతగాడు ఇద్దరి దగ్గరా బయానా తీసుకుని ఇరుక్కోవడం ఆ కాలపు గోదావరి డెల్టాలో మామూలు వ్యవహారం. బట్ట పడవల్లో కోరంగి చేరేది, అక్కడినుంచి ఓడలకెక్కి పుదుచ్చేరికీ, ఆపైన ఐరోపాకూ పోయేది.

1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ తన సైన్యానికి అండగా నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీకి ఉత్తర సర్కారులను రాసిచ్చాడు. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా తీరమంతా ఫ్రెంచి వారి చేతికొచ్చింది. యానానికి అవి వెలుగు రోజులు. ఎక్కువ కాలం నిలవలేదు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. మరుసటి ఏడాది బుస్సీని దక్షిణాదికి పిలిపించారు. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలోని చెందుర్తి వద్ద ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు, విజయనగరం ఆనంద గజపతి కలిసి ఫ్రెంచి సైన్యాన్ని ఓడించారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి అధికారం అక్కడితో సరి.

యానాం మాత్రం పూర్తిగా పోలేదు. 1763 పారిస్ ఒప్పందం ప్రకారం వర్తక స్థావరంగా ఫ్రెంచి వారికి తిరిగొచ్చింది. ఐరోపాలో యుద్ధం వస్తే ఇంగ్లీషు వారు ఆక్రమించడం, సంధి కుదిరితే తిరిగివ్వడం అలవాటైపోయింది. 1778లో పోయింది, 1783 వెర్సాయ్ సంధి తర్వాత తిరిగొచ్చింది. 1793లో మళ్లీ పోయింది. ఆ మధ్య కాలంలో ఇక్కడ అధికారిగా ఉన్నవాడు పియర్ సొన్నెరా. తూర్పు దేశాల మొక్కలనూ పక్షులనూ వర్ణించి ప్రకృతి శాస్త్రవేత్తగా పేరు పొందిన మనిషి. 1782లో అచ్చయిన అతని యాత్రాగ్రంథాన్ని ఐరోపా పండితులు తెప్పించుకుని చదివారు. అంతటివాడు గోదావరి లంకల్లో బట్టల లెక్కలు చూసుకుంటూ ఉండగా పారిస్‌లో విప్లవం వచ్చింది, ఆ వెనకే యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు వారు సొన్నెరాను పట్టుకుని చాలా ఏళ్లు నిర్బంధంలో ఉంచారు.

సైన్యం లేని రాజ్యం

నెపోలియన్ ఓటమి తర్వాత 1814 పారిస్ ఒప్పందం ఫ్రెంచి స్థావరాలను తిరిగిచ్చింది. యానాం 1817లో చేతికొచ్చింది. ఈసారి షరతులు గట్టివి. కోటలు కట్టకూడదు. శాంతిభద్రతలకు కావలసినంత పోలీసులే తప్ప సైన్యం ఉండకూడదు. 1815 మార్చిలో కుదిరిన మరో ఒప్పందంలో ఉప్పు మీద హక్కు కూడా పోయింది. ఫ్రెంచి స్థావరాల్లో పండే ఉప్పునంతా ఇంగ్లీషు కంపెనీకే అప్పగించాలి. అందుకు బదులుగా కంపెనీ ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వానికి చెల్లించాలి.

కోట లేదు, పటాలం లేదు, ఉప్పు కొఠారు లేదు. చుట్టూ మూడు పక్కల ఇంగ్లీషు జిల్లా. అలాంటి చోట ఫ్రెంచి అధికారం అంటే ఏం మిగిలింది? ఒక జెండా, ఒక కోర్టు, ఒక దస్తరం, కొద్దిమంది జవానులు. యానాంలో ఫ్రెంచి పాలన అంతా కాగితం మీదనే నడిచింది. అక్కడ పుట్టినవాడి పేరు, చచ్చిపోయినవాడి పేరు, పెళ్లాడిన జంట పేర్లు రిజిస్టరుకెక్కేవి. పొరుగున తాళ్లరేవులో ఏ దస్తరానికీ ఎక్కకుండా బతుకు గడిచిపోయే రోజుల్లో యానాంలో ప్రతి మనిషికీ ఒక కాగితం ఉండేది.

ఆ కాగితాల్లో ఒకదాని ప్రభావం నూరేళ్ల తర్వాత బయటపడింది. 1819 జనవరిలో పుదుచ్చేరి ప్రభుత్వం ఫ్రెంచి చట్టాలను అమల్లోకి తెస్తూ ఒక మాట చేర్చింది: భారతీయుల వ్యవహారాలు వారి వారి ఆచారాల ప్రకారమే తీర్పు పొందుతాయి. పెళ్లి, వారసత్వం, దత్తత అన్నీ ఆచారం కిందికే వస్తాయి. దీని పర్యవసానం శారదా చట్టం నాటికి చూద్దాం.

సైన్యంతో పని లేకపోయినా సముద్రం తన పని తాను చేసింది. 1789 డిసెంబరులో కోరంగి తీరాన్ని మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి ముంచాయి. 1839 నవంబరు తుపాను మిగిలిన ఓడల పనిని కూడా దెబ్బతీసింది. కలకత్తాలో ఉండి ఈ తుపానుల కథలు పోగుచేసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో అచ్చయిన నావికుల పుస్తకంలో తుపానుకు 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక యానాం, కోరంగి తీరపు చావులు ఉన్నాయి. ఏరు పూడిపోతూ వచ్చింది, రేవు వ్యాపారం క్రమంగా కాకినాడకు తరలిపోయింది. ఓడలు తగ్గకముందే మనుషుల వలస మొదలైంది. 1828లో యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలు హిందూ మహాసముద్రంలోని బూర్బాన్ దీవికి, అంటే నేటి రియూనియన్‌కు, ఒప్పందం మీద వెళ్లారు. ఆ దీవికి వేల సంఖ్యలో సాగిన భారతీయ కూలీల వలసకు అది తొలి అడుగు.

1880: ఊరికో మేయరు

ఫ్రాన్సులో మూడో గణతంత్రం కుదురుకున్నాక, పౌరుడంటే ఓటున్నవాడు అన్న సూత్రం వలసలకు కూడా పాకింది. 1880 మార్చి 12న ఒక శాసనం వచ్చింది. ఫ్రెంచి ఇండియాను పది కమ్యూన్లుగా విడగొట్టారు. కమ్యూన్ అంటే మన లెక్కలో పురపాలక సంఘం. పుదుచ్చేరికి నాలుగు, కారైకాలుకు మూడు, చందర్‌నగర్‌కూ మాహేకూ యానానికీ ఒక్కొక్కటి. ప్రతి కమ్యూన్‌కూ ఎన్నికైన సభ, మేయరు, బడ్జెటు. 1901 నాటికి కూడా యానాం జనాభా సుమారు 5 వేలే. అంటే ఒక మోస్తరు పల్లెకు మేయరు వచ్చాడన్నమాట.

పుదుచ్చేరి పొలిమేరలకు ఆవల మద్రాసు రాజధానిలో అప్పటికి పురపాలక సంఘాలు లేకపోలేదు. ఈ తీరంలోనే భీమునిపట్నంలో 1861లో ఒకటి మొదలైంది. కానీ అక్కడ ఆస్తి, పన్ను చెల్లించే స్తోమత ఉన్నవారి మాటే చెల్లేది. యానాంలో వయసొచ్చిన మగవాడికి, చేపలు పట్టేవాడికైనా సరే, ఓటు ఉంది. పుదుచ్చేరి దాటి పారిస్‌లోని పార్లమెంటుకు కూడా ఫ్రెంచి ఇండియా నుంచి ఒక ప్రతినిధి ఎన్నికయ్యేవాడు.

ఇదంతా వినడానికి బాగుంది. నడకలో మాత్రం మలుపులున్నాయి. ఓటర్ల పట్టికలు జాతిని బట్టి వేరు వేరు. గుప్పెడు మంది యూరోపియన్లకు వారి సంఖ్యకు పొంతన లేనన్ని స్థానాలు దక్కేవి. 1881లో వచ్చిన మరో శాసనం ప్రకారం, తన కుల మతాచారాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టానికి ఒప్పుకున్న భారతీయుడికి మరో హోదా. 1884లో వారికి మూడో పట్టిక పెట్టారు, 1899లో దాన్ని తీసేశారు. ఎన్నికల రోజున పెట్టెలు మాయం కావడం, చచ్చినవాళ్లు వచ్చి ఓటేయడం, దొమ్మీలు ఫ్రెంచి ఇండియా అంతటా పేరు మోసిన సంగతులు. అయినా ఒకటి మాత్రం గట్టిగా నాటుకుంది. ఊరి సంగతి తేల్చేది ఊరి సభ అన్న అలవాటు మూడు తరాల పాటు సాగింది. కాంగ్రెసు ఉద్యమం గోదావరి జిల్లాల్లో జెండాలతో, జైళ్లతో నడుస్తుంటే యానాం రాజకీయం మేయరు కుర్చీ చుట్టూ తిరిగింది.

ఆ యానాంలోనే చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బాల్యం గడిచింది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరుగా ఆంధ్రదేశమంతా అవధానాలతో హోరెత్తించిన కవి చిన్నతనంలో చూసింది ఫ్రెంచి జెండా ఎగిరే ఊరు. ఆ జెండా కింద జనం మాట్లాడేది అచ్చమైన గోదావరి తెలుగే. మీసాలున్న వేంకటేశ్వరుడు, అంటే మీసాల వెంకన్న, ఒకవైపు. సెయింట్ ఆన్స్ చర్చి మరోవైపు. మంగళవారం సంతకు ఏటి అవతలి ఊళ్ల వాళ్లంతా వచ్చేవారు. విదేశీ సరుకు, ఫ్రెంచి సారా సుంకం లేకుండా దొరకడం సంతకు అసలు ఆకర్షణ.

పెళ్లిళ్ల ఊరు

1929లో హర్‌బిలాస్ శారదా ప్రతిపాదించిన చట్టాన్ని కేంద్ర శాసనసభ ఆమోదించింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ తేదీ లోపు తొందరపడి చేసిన పెళ్లిళ్లు దేశమంతటా లెక్కలేనన్ని. గడువు దాటాక గోదావరి జిల్లాల ఛాందస కుటుంబాలకు దారి ఒకటి కనిపించింది. యానాంలో శారదా చట్టం చెల్లదు. 1819 నాటి ఆ పాత మాట ప్రకారం అక్కడ హిందువుల పెళ్లి ఆచారం కిందికే వస్తుంది.

పెళ్లివారు పడవలెక్కారు, ఎడ్లబళ్లు కట్టారు. పురోహితుడు, మేళగాళ్లు, వంటవాళ్లు వెంట వచ్చారు. యానాంలో ఇళ్లు అద్దెకిచ్చి, పందిళ్లు వేసి, సంబరాలు నడిపే వ్యాపారం ఒకటి మొలిచింది. బియ్యం, నెయ్యి, కొబ్బరికాయలు అమ్మిన అంగడివాడి దగ్గర నుంచి బళ్లు తోలినవాడి దాకా ఎవరి వాటా వారికి వచ్చింది. ఆ ఊరికి 'కల్యాణపురం' అనే పేరు వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి దూరం కొలవాలి. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిన రాజమహేంద్రవరం ఇక్కడికి ఒక పూట ప్రయాణం. ఆనాడు ఆయన ఎదిరించింది బాల్యంలో పెళ్లాడి, బాల్యంలోనే వితంతువైన ఆడపిల్లల దుస్థితిని. యాభై ఏళ్ల తర్వాత ఆ రాజమహేంద్రవరం పరిసరాల నుంచే ఆ బాల్య వివాహాల కోసం కుటుంబాలు యానాం దారి పట్టాయి. ఫ్రెంచి ప్రభుత్వం ఆచారాలను గౌరవిస్తున్నానని చెప్పుకుంది. ఆ గౌరవానికి మూల్యం చెల్లించింది ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల ఆడపిల్లలు. యానాం లాభాల పుస్తకంలో ఇది నల్లని పేజీ. ఊరిని ప్రేమగా తలుచుకునే వాళ్లు కూడా దీన్ని వేడుకగా చెప్పి తప్పించుకోకూడదు. 1938లో చట్టాన్ని సవరించి, బ్రిటిష్ ప్రజ ఎక్కడికి వెళ్లి చేసినా నేరమే అన్నారు. కన్నం పూడింది.

గీతకు అవతల స్వరాజ్యం

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్సు తన వలసల్లో ఓటు హక్కును అందరికీ విస్తరించింది. జాతిని బట్టి వేరు పట్టికలు పోయాయి, ఆడవాళ్లకూ ఓటు వచ్చింది. 1946లో ఫ్రెంచి ఇండియాకు 44 మంది సభ్యుల ప్రాతినిధ్య సభ ఏర్పడింది. అందులో యానానికి రెండు స్థానాలు.

మరుసటి ఏడు ఆగస్టులో గీతకు అవతల స్వాతంత్ర్యం వచ్చింది. కాకినాడలో మువ్వన్నెల జెండా ఎగిరింది. ఇక్కడా మూడు రంగులే, కాకపోతే నీలం, తెలుపు, ఎరుపు. పెళ్లి సంబంధాలు, పొలాలు, అప్పులు, చుట్టాలు అన్నీ అవతలే ఉన్న ఊరికి ఈ తేడా చిత్రంగా ఉండేది.

1948 జూన్‌లో భారత్, ఫ్రాన్సు ఒక మాటకొచ్చాయి. ఈ స్థావరాల భవిష్యత్తును అక్కడి ప్రజలే ఓటుతో తేల్చుకోవాలి, ఆ ఓటింగు ఎప్పుడు ఎలా జరగాలో ఎన్నికైన పురపాలక సంఘాలు నిర్ణయించాలి. ఏ దేశ చరిత్రలోనూ పురపాలక సభ్యుడికి ఇంత బరువు దక్కి ఉండదు. నిన్నటిదాకా మురుగు కాలువల తీర్మానాలు చేసిన సభకు దేశం సరిహద్దు గీసే పని వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో జరిగిన పురపాలక ఎన్నికలు అందుకే రణరంగమయ్యాయి. మాహేలో గొడవలు చెలరేగి ఎన్నికలు ఆగిపోయాయి. పుదుచ్చేరిలో ఎడ్వర్డ్ గూబెర్ నడిపిన పక్షం, ఫ్రాన్సుతోనే ఉండాలన్న పక్షం, గెలిచింది. 1949 జూన్‌లో చందర్‌నగర్ ప్రజలు మాత్రం నేరుగా ఓటేసి భారత్‌ను ఎంచుకున్నారు.

మిగిలిన నాలుగింటి మీద ఒత్తిడి పెరిగింది. 1941లో బ్రిటిష్ ఇండియాతో కుదిరిన సుంకాల ఒప్పందం 1949లో రద్దయింది. సరిహద్దు చుట్టూ భారత కస్టమ్స్ చౌకీలు లేచాయి. ఏ గీతైతే ఇన్నాళ్లూ యానానికి అన్నం పెట్టిందో అదే ఇప్పుడు ఉరితాడైంది. దొంగ సరుకు నడిపేవాడికి లాభమేమో గానీ, అవతలి పొలంలో పని చేసుకునేవాడికి రోజూ తనిఖీ.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. తెలుగువాళ్లకు సొంత రాష్ట్రం వచ్చింది, దాని నడుమ తెలుగు ఊరొకటి ఇంకా పారిస్ ఏలుబడిలో ఉంది. 1954 మార్చిలో గూబెర్ పక్షం మాట తిప్పేసింది. పుదుచ్చేరి మేయర్లు ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కరలేదు, నేరుగా భారత్‌లో కలపండి అని తీర్మానించారు. మార్చి చివర్లో పుదుచ్చేరి పొలిమేర కమ్యూన్లు కొన్ని ఫ్రెంచి చేయి దాటిపోయాయి. మే 7న వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ కోట కూలింది. అక్కడ పటాలాలు పెట్టుకుని నిలవలేని ఫ్రాన్సు, పటాలమే లేని యానాంలో ఎన్నాళ్లు నిలుస్తుంది?

జూన్ 13

యానాంలోని ఫరంపేటలో పుట్టి, పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి విలీన ఉద్యమంలోకి వచ్చిన దడాల రఫాయేల్ రమణయ్య కాకినాడ కేంద్రంగా మనుషుల్ని కూడగట్టాడు. 1954 జూన్ 13న కార్యకర్తలు భారత భూభాగం నుంచి యానాంలోకి నడిచారు. స్థానిక పోలీసులతో ఘర్షణ జరిగింది. పాలనాధికారి భవనం ఉద్యమకారుల చేతికొచ్చింది. ఫ్రెంచి జెండా దిగింది, భారత జెండా ఎక్కింది. పొలిమేర కమ్యూన్లు కొన్ని ముందే పోయినా, మిగిలిన నాలుగింటిలో మొత్తంగా ఒక స్థావరం చేజారడం ఇదే మొదలు. మాహే నుంచి ఫ్రెంచి వారు వెళ్లింది జూలై 16న.

జూన్ 13ను యానాంలో నేటికీ విమోచన దినంగా జరుపుకుంటారు. దడాల తర్వాత తన పోరాటం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు. అందులో కనిపించేది కవాతు చేసే సేనాని కాదు. దస్తరం, రిజిస్టరు, పోలీసు ఠాణా ఎలా పనిచేస్తాయో లోపలి నుంచి తెలిసిన మనిషి. ఫ్రెంచి పాలన కాగితం మీద బతుకుతోందని తెలిసినవాడు కనుకే ఆ కాగితాలున్న భవనం మీదికి నడిచాడు.

జెండా మారినా, చట్టం లెక్కలో ఊరు మారలేదు. ఆ లెక్క తేలింది అక్టోబరు 18న, పుదుచ్చేరి పొలిమేరలోని కీళూరు అనే పల్లెలో. ప్రాతినిధ్య సభ సభ్యులు, నాలుగు స్థావరాల పురపాలక సభ్యులు, మొత్తం 178 మంది ఓటేశారు. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా. 1880 నాటి శాసనం నాటిన అలవాటు అక్కడ ఫలించింది. తుపాకులు తేల్చాల్సిన సంగతిని కౌన్సిలర్లు తేల్చారు. అక్టోబరు 21న ఢిల్లీలో ఒప్పందం, నవంబరు 1న పాలన బదిలీ. పూర్తి బదిలీ ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలు, ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదించాక 1962 ఆగస్టు 16న అమలు. ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకున్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. 1963 జూలై 1న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమైంది.

యానాం ఆంధ్రలో ఎందుకు కలవలేదన్న ప్రశ్నకు జవాబు ఆ ఒప్పందం రెండో అధికరణంలో ఉంది. 1954 నవంబరుకు ముందున్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగాలి, దాన్ని మార్చాలంటే ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి. ఆ హోదా వల్ల వచ్చే లాభాలను యానాం వదులుకోదలచలేదు. అందుకే కాకినాడకు ముప్పయి కిలోమీటర్ల లోపున్న ఊరు, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరి నుంచి ఉత్తర్వులు అందుకుంటోంది. పుదుచ్చేరి శాసనసభలోని 30 ఎన్నికైన స్థానాల్లో యానానికి ఒకటి.

మేయరు పోయి, స్పెషల్ ఆఫీసరు వచ్చి

ఇప్పుడు రెండో సంగతి. విలీనం తర్వాత కూడా కొన్నేళ్లు ఫ్రెంచి కాలపు పురపాలక చట్టమే నడిచింది. 1968లో ఎన్నికలు జరిగాయి. 1973లో పుదుచ్చేరికి కొత్త పురపాలక చట్టం వచ్చింది. కానీ ఎన్నికలు రాలేదు. సభ గడువు తీరింది, దాని స్థానంలో అధికారులు కూర్చున్నారు. 1992లో పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణ చేసి, పట్టణాలకు అయిదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసింది. పుదుచ్చేరిలో అప్పుడూ జరగలేదు. కోర్టులు కలగజేసుకున్నాక 2006లో, 38 ఏళ్ల విరామం తర్వాత, మళ్లీ ఓట్ల పెట్టెలు తెరుచుకున్నాయి. 2011లో ఆ సభల గడువు తీరిపోయింది. 2021లో షెడ్యూలు ప్రకటించారు. రిజర్వేషన్ల వివాదం కోర్టుకెక్కి అదీ ఆగిపోయింది.

తప్పెవరిది అనే ముందు, ఎందుకిలా జరిగిందో ఆలోచించాలి. నాలుగు ముక్కలుగా చెదిరిన చిన్న కేంద్రపాలిత ప్రాంతంలో శాసనసభ్యుడే దాదాపు మేయరు. యానానికి ఉన్నది ఒకే నియోజకవర్గం. ఊరూ, నియోజకవర్గమూ దాదాపు ఒకటే. వీధి దీపం, ఇంటి స్థలం, పింఛను, పడవల రేవు, అన్నీ ఆ ఒక్క శాసనసభ్యుడి గుమ్మం దగ్గరే తేలతాయి. అలాంటి చోట మరో ఎన్నికైన మేయరు ఉంటే అధికారం పంచుకోవాలి. పంచుకోవడానికి ఎవరూ తొందరపడరు. మెప్పు కోసం పోటీపడే ఇద్దరు నాయకులకు బదులు ఒక్కడే ఉన్నప్పుడు పనులు త్వరగా జరుగుతాయని కొందరంటారు. జరిగాయి కూడా. రోడ్లు, నది ఒడ్డున షికారు బాట, ఈఫిల్ టవర్‌ను తలపించే ఎత్తయిన గోపురం యానాంలో కనిపిస్తాయి. కానీ ఏ పని ముందు, ఏది వెనక అని ఊరు ఒక సభలో కూర్చుని వాదించుకునే హక్కు వేరు. గోపురం ఎంత ఎత్తు కట్టినా ఆ హక్కు లోటు తీరదు.

ఈ లోటును కప్పిపుచ్చింది ఆ పాత సరిహద్దు గీతే. అది భౌగోళికంగా చెరిగినా పన్నుల్లో మిగిలింది. మద్యం మీద పన్ను తక్కువ, పెట్రోలు మీద తక్కువ, బండి రిజిస్ట్రేషన్ మీద తక్కువ. పీవై-04 నంబరు పలక గోదావరి జిల్లాల రోడ్ల మీద ఖరీదైన కార్లకు వేలాడటం చూసే ఉంటారు. ఒకనాడు సారా సీసా, ఆ తర్వాత పెళ్లి పందిరి, ఇప్పుడు కారు. సరుకు మారింది, సూత్రం మారలేదు. 2011 జనాభా లెక్కల్లో యానాంలో 55,626 మంది. 2001 తర్వాత పదేళ్లలో ఇక్కడ పెరిగినంత వేగంగా ఆ చుట్టుపక్కల ఊళ్లలో జనాభా పెరగలేదు. పన్నుల తేడా, దాని చుట్టూ మొలిచిన వ్యాపారం, పుదుచ్చేరి పథకాల కింద దొరికే ఇళ్లు, సాయం అందులో పెద్ద పాత్ర వహించాయి.

ఇంత చిన్న ఊరికి పెద్ద సమస్యలూ ఉన్నాయి. అధికారిక విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. నదిని ఆనుకుని ఉన్న పల్లపు నేల. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను యానాన్ని కూడా కుదిపింది, గోదావరి జిల్లాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2002లో ఎదుర్లంక వైపు గౌతమి మీద బాలయోగి వారధి తెరుచుకునేదాకా అవతలి కోనసీమకు పంటు మీదే దాటాలి. దరియాలతిప్ప వైపు బెస్త కుటుంబాలకు వేటకు వెళ్లే దారి, ఏటి పూడిక, మడ అడవి, ఇవన్నీ రోజువారీ సంగతులు. ఏ కాలువ ముందు తవ్వాలి, వరదొస్తే ఏ వీధి ముందు ఖాళీ చేయించాలి అన్న ప్రశ్నలకు జవాబు ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉండదు. అవి ఊరి సభ తేల్చాల్సిన పనులు. అందుకే 1880లో సభను పెట్టారు.

విమోచన దినం నాడు ప్రసంగాల్లో జెండా గురించి చాలా చెబుతారు. కీళూరులో లెక్కబెట్టిన ఓట్ల గురించి అంతగా చెప్పరు. అక్కడ ఓటేసినవాళ్లు కౌన్సిలర్లన్న సంగతి గుర్తుంటే, నేటి యానాం ఓటరు అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: దేశం ఏదో తేల్చే అధికారం మా తాతల సభకు ఇచ్చారు, మా వీధి కాలువ సంగతి తేల్చే అధికారం మాకు ఎప్పుడిస్తారు? పుదుచ్చేరిలో ఏ పార్టీ అధికారంలోకొచ్చినా ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పలేదు. తేదీ ప్రకటించి, ఎన్నికలు జరిపించడమే దానికి జవాబు.

(వచ్చే భాగం: డచ్చి గోరీల పక్కన, 1861లో పురపాలక సంఘమైన భీమునిపట్నం.)